సవతి తల్లి బయటపడే అధ్యాయం

పెళ్ళి పత్రిక ప్రూఫు బుధవారం మధ్యాహ్నం వచ్చింది. ఆ ఇంట్లోకి అచ్చు కాగితం ఏది వచ్చినా ముందు పిన్ని బల్ల మీదికి పోవాల్సిందే. పద్దెనిమిదేళ్ళుగా నవలలు రాస్తూ, తన ప్రూఫులు తానే దిద్దుకుంటూ, చివరికి మందుసీసాకి అంటించిన కాగితంలో కూడా తప్పు పట్టందే మూత తియ్యని మనిషి ఆవిడ. అందుకే బుజ్జి దాన్ని తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"ఒక్కసారి చూసిపెట్టు పిన్నీ. నువ్వు ఎలా దిద్దితే అలా వేసేయమని చెప్పాను. రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్తారు," అని, చెప్పులేసుకుని పనికి వెళ్ళిపోయింది.

బుజ్జి పని పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళకి అచ్చులు పోయడం. వయసు ఇరవై నాలుగు. చేసుకోబోయేది వంతెన అవతల బడిలో సైన్సు చెప్పే మాస్టారిని. ఆయనకిది రెండో పెళ్ళి, మొదటి భార్య పోయింది, ఆరేళ్ళ కూతురుంది. ఈ సంగతి విని చుట్టాలు మొహాలు చిట్లించారు గానీ పిన్ని మాత్రం లోలోపల సంతోషించింది. ఇన్నాళ్ళూ తను కూర్చున్న కుర్చీ ఎంత ఇరుకో దీనికి ఇప్పటికైనా తెలిసొస్తుందని ఆవిడ ఆశ. ఆశ కాస్త పుల్లటిదే, కానీ ఆశే.

పిన్ని పెన్సిలు చెక్కుకుని కూర్చుంది. వధువు పేరు సరే. వరుడి పేరు సరే. కీర్తిశేషురాలు అంటూ బుజ్జి కన్నతల్లి పేరు, పక్కన తండ్రి పేరు, వీరి ఏకైక కుమార్తె అన్న మాట. హాలు చిరునామా, భోజనాల వేళ. కింద ఆహ్వానించేవాళ్ళ పేర్లలో మేనమామలున్నారు, ఏడాదికోసారి కూడా గుమ్మం తొక్కని ఇద్దరు బాబాయిలున్నారు. పిన్ని లేదు. ఆవిడ ఇంకోసారి పైనుంచి చదివింది. తర్వాత కాగితం తిప్పి చూసింది. వెనకవైపు ఖాళీగా ఉంది.

మొత్తం పత్రికలో ఉన్నది ఒక్కటే తప్పు. పోయినావిడ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. పిన్ని కాసేపు ఆ పేరు వంక చూస్తూ కూర్చుంది. వదిలేస్తే ఎవరికీ తెలియదు. తెలిసినా, కంపోజిటరు తప్పంటారు. కానీ తప్పు కనబడ్డాక వదిలేయడం ఆవిడ చేతకాని పని. అంచులో గీత గీసి, పడిపోయిన అక్షరాన్ని గుండ్రంగా రాసి, కాగితం కవర్లో పెట్టింది. చచ్చిపోయినావిడ పేరు బతికున్నావిడ దిద్దిన ఆ కవరుని మర్నాడు ప్రెస్సువాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు.

ఆ సాయంత్రం బుజ్జి తండ్రి కొట్టు కట్టేసి వచ్చాడు. ఆయనది కళ్ళజోళ్ళ కొట్టు. ఊళ్ళో వాళ్ళందరికీ చూపు సరిచేసే మనిషి, ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

"పత్రిక చూశారా?" అని అడిగింది పిన్ని.

"చూశాను. కాగితం మంచిది వేస్తున్నారు."

"అందులో నేను లేను."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఇబ్బంది వచ్చినప్పుడల్లా ఆయన అద్దాలు మాసిపోతాయి. "వాళ్ళమ్మ పేరుండాలని ముచ్చటపడింది. అందులో తప్పేముంది?"

"ఉండాలి. ఎవరు కాదన్నారు? నా పేరెందుకు లేదంటున్నాను."

"ఆ మాట దాన్నే అడుగు. మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకు."

పదహారేళ్ళుగా ఆయన ఆ మధ్యకి రానే లేదు. బుజ్జికి ఎనిమిదేళ్ళప్పుడు ఈవిణ్ణి పెళ్ళి చేసుకుని తెచ్చి, హాల్లో నిలబెట్టి, "ఈవిడ నీకు పిన్ని" అని చెప్పి, చేతులు దులుపుకున్నాడు. పక్కకొచ్చాక భార్యతో, "ముందు పిన్నీ అననీ, కొన్నాళ్ళకి అదే అమ్మా అంటుందిలే" అన్నాడు. ఆ కొన్నాళ్ళ కోసం పిన్ని ఇప్పటికీ చూస్తూనే ఉంది.

ఆ ఒక్క పిలుపు తప్ప ఆవిడ ఇంకేమీ కోరుకోలేదు. కోరుకోకపోగా కొన్ని వదులుకుంది కూడా. తనకంటూ ఒక బిడ్డ పుడితే దీని మీద మనసు రెండుగా చీలుతుందేమోనని పిల్లల్నే వద్దనుకుంది. ఆ మాట మొగుడికి చెప్పింది గానీ బుజ్జికి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే త్యాగం చేశానని దెప్పినట్టుంటుందని నోరు నొక్కుకుంది. టైఫాయిడు వచ్చినప్పుడు పద్దెనిమిది రోజులు మంచం పక్కనుంచి కదల్లేదు. ఏటా బడి తెరిచేముందు కోటు చేతుల మడత విప్పి పొడుగు చేసింది. లెక్కలు చెయ్యకపోతే తిట్టింది. ఏ తల్లయినా ఇంతకంటే ఏం చేస్తుంది? అయినా పిన్ని పిన్నిగానే ఉండిపోయింది, పత్రికలో అది కూడా కాలేకపోయింది.

ఆవిడ రాసే నవలల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే కొంప ముంచింది అవే.

అవి మామూలు ప్రేమ నవలలు కావు. చిన్నపిల్లలకి చెప్పే పాత కథల్ని తీసుకుని, మూడు వందల ఏళ్ళ కిందటి కోటలు, గుర్రబ్బళ్ళు, పొడుగు గౌన్లు, చేతితొడుగులు తగిలించి, ఇరవై అధ్యాయాల ప్రేమకథగా సాగదీసిన పుస్తకాలు. నృత్యంలో చెప్పు జారవిడుచుకున్న పిల్ల, అద్దాన్ని సలహా అడిగే రాణి, ముళ్ళకంచె వెనక నూరేళ్ళు నిద్రపోయిన రాకుమారి, అన్నీ ఆ వరసలో ఉన్నాయి. ప్రతి పుస్తకం అట్ట వెనకా "తల్లి తన కూతురి చేతికి ధైర్యంగా ఇవ్వదగిన పుస్తకం" అని అచ్చువేసేవారు. ఆ మాటకి కాపలాదారు సంపాదకుడు. ఎనభయ్యో పడిలో ఉన్న మనిషి, ఆఫీసులో అందరికీ ఆయన పెద్దాయన. ఆయనకి పిన్ని 'కోటలావిడ'.

పెద్దాయన నియమాలు ఆ వరసకి రాసే ఏడుగురు రచయిత్రులకీ కంఠతా వచ్చు. వాన పడవచ్చు, తడవకూడదు. కొవ్వొత్తి వెలగవచ్చు, ఆరకూడదు. గుర్రం ఒకటే ఉంటే ఒకరు నడవాలి. పదిహేడో అధ్యాయానికి ముందు చేతితొడుగు ఊడకూడదు. ఒక్క ముద్దు, ఆఖరి పేజీలో, అదీ చేతి మీద. ఇవి కాక కథ నడకకి ఇంకో నియమం ఉంది. సవతి తల్లి ఉన్న కథలో ఆవిడ పదమూడు అధ్యాయాల దాకా బంగారంలాంటి మనిషిగా ఉండాలి. మొదట్లోనే చెడ్డదని తెలిసిపోతే రాకుమారుడు వచ్చేలోగా చదివేవాళ్ళకి విసుగు పుడుతుందట. పద్నాలుగో అధ్యాయంలో ఆవిడ బయటపడాలి. పాఠకులు ఆ అధ్యాయం కోసమే పుస్తకం కొంటారని పెద్దాయన నమ్మకం.

అన్నిటికంటే గట్టి నియమం చదివి వినిపించడం. రాతప్రతి ఇచ్చేముందు దాన్ని ఇంట్లో ఉన్న ఆడపిల్లకి మొదటినుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాలి. చదువుతుండగా ఎక్కడ నోరు తడబడితే అక్కడ ఏదో మురికి ఉన్నట్టు లెక్క, కొట్టేయాలి. తర్వాత "చదివి వినిపించాను, ఎక్కడా ఆగలేదు" అని చీటీ రాసి సంతకం పెట్టి ప్రతికి గుచ్చాలి. చీటీ లేని ప్రతిని పెద్దాయన ముట్టుకునేవాడు కాదు. మొదటి రెండు పుస్తకాలూ పిన్ని తన మేనకోడలికి చదివింది. పెళ్ళయ్యాక ఇంట్లోనే బుజ్జి దొరికింది.

ఆ గంట ఆవిడకి పండగ. సాయంత్రం ఆరింటికి, పాఠాలయ్యాక, బుజ్జి కిటికీ దగ్గర మడతకుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చునేది. పిన్ని ఎదురుగా కూర్చుని చదివేది. రాకుమారుడికి ఒక గొంతు, గుర్రబ్బండివాడికి ఒక గొంతు, ముసలి దాసికి ఒక గొంతు పెట్టేది. అన్నిట్లోకీ సవతి తల్లి గొంతే బ్రహ్మాండంగా వచ్చేది ఆవిడకి. తియ్యగా, నెమ్మదిగా, ఎదుటివాళ్ళ తల నిమురుతున్నట్టుండేది ఆ గొంతు. పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని వినేది. రెప్ప వేసేది కాదు. తనకీ ఆ పిల్లకీ కలిసిన చోటేదైనా ఉంటే అది ఆ మడతకుర్చీ దగ్గరేనని పిన్ని గర్వపడేది.

పందొమ్మిది నవలలు రాసింది. వాటిలో పదకొండింట సవతి తల్లులున్నారు. ఒకతి విషం పూసిన దువ్వెన ఇచ్చింది, ఒకతి పండు కోసిచ్చింది, ఒకతి పిల్లల్ని అడవిలో వదిలేసి వచ్చి ఇంట్లో ఏడుస్తూ కూర్చుంది. ప్రతి ప్రతికీ "ఎక్కడా ఆగలేదు" అని చీటీ గుచ్చింది. అబద్ధం కాదు. చేతితొడుగు దగ్గర నోరు ఆగిందేమో చూసుకుంది, వాన దగ్గర చూసుకుంది. విషం దగ్గర ఆగాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ముద్దు మీద పెన్సిలు పెట్టిన పెద్దాయన విషం మీద ఒక్కసారి కూడా పెట్టలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఇన్నేళ్ళు, ఒక్కరికీ తట్టలేదంటే ఏమనాలి?

పత్రిక వెళ్ళిపోయిన మూడో రోజున పిన్ని పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. మూడంతస్తులు మెట్లెక్కి, అట్టపెట్టెల మధ్య దారి చేసుకుని, ఆయన బల్ల ముందు కూర్చుంది. ఇరవయ్యో పుస్తకం గురించి చెప్పింది. చెప్పు జారిన పిల్ల కథే మళ్ళీ, కానీ ఈసారి సవతి తల్లి మంచిది.

"పదమూడో అధ్యాయం దాకా ఎలాగూ మంచిదే కదమ్మా," అన్నాడు పెద్దాయన.

"ఆఖరిదాకా మంచిదే."

"మరి పద్నాలుగులో ఏం జరుగుతుంది?"

"ఏమీ జరగదు. పిల్లకి కోటు పొడుగు చేస్తుంది. అన్నం వండుతుంది."

పెద్దాయన పెన్సిలు బల్ల మీద పెట్టాడు. "అది కథ కాదమ్మా కోటలావిడా, ఇల్లు."

"ఇల్లే రాస్తాను. ఈ ఒక్కటీ రాయనివ్వండి. ఇన్నేళ్ళలో నేను మిమ్మల్ని ఏదీ అడగలేదు."

ఆయన ఆవిడ వంక కాసేపు చూశాడు. ఆవిడ ఏదో ఇంటి గొడవ మోసుకొచ్చిందని గ్రహించడానికి ఆ వయసులో పెద్ద తెలివి అక్కర్లేదు. "రాయండి. చదివి వినిపించి, చీటీ గుచ్చి పట్రండి. వేస్తానో లేదో అప్పుడు చెబుతాను," అన్నాడు.

వేసినా వెయ్యకపోయినా పిన్నికి ఒకటే. ఆవిడకి కావలసిన పాఠకురాలు ఒక్కతే, ఆ ఒక్కతీ ఐదు వారాల్లో వంతెన దాటి వెళ్ళిపోతుంది. ఎదురుగా ఉన్న మనిషితో నాలుగు మాటలు ఆడలేక మూడు వందల పేజీలు రాసే మనుషులు లోకంలో కొంతమంది ఉంటారు. వాళ్ళని చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు. పిన్ని పొద్దున్నే లేచి, మొగుడు కొట్టుకి వెళ్ళగానే బల్ల ముందు కూర్చుని, రాసిందే రాత. నోటితో చెప్పలేనివన్నీ ఆ కోటలో ఉన్న సవతి తల్లికి అప్పజెప్పింది. టైఫాయిడుని కోటలో వచ్చిన జ్వరం చేసింది. బడి కోటుని మఖమల్ కోటు చేసింది. పుట్టని బిడ్డ సంగతి కూడా రాసింది, ఒక్క పేరాలో, ఏడుస్తూ. ఇరవై రోజుల్లో పదమూడు అధ్యాయాలయ్యాయి.

పెళ్ళి ఇంకా పన్నెండు రోజులుందనగా బుజ్జిని అడిగింది. "కొత్తది ఒకటి రాస్తున్నాను. వింటావా? వెళ్ళిపోయాక మళ్ళీ ఎవరికి చదువుతాను?"

బుజ్జి గోళ్ళలో ఇరుక్కున్న పళ్ళ అచ్చుల తెల్లటి పిండిని తీసుకుంటూ, "ఆరింటికేనా?" అంది.

"ఆరింటికే."

ఐదు సాయంత్రాలు చదివింది. బుజ్జి అదే కిటికీ దగ్గర, అదే మడతకుర్చీలో కూర్చుంది, కాళ్ళు ముడుచుకోడానికి ఇప్పుడు చోటు చాలలేదంతే. మొదటి రోజు ఊరికే వింది. రెండో రోజునుంచి ముందుకి వంగింది. సవతి తల్లి మందు తాగించే చోట కుర్చీ కమ్మి గట్టిగా పట్టుకుంది. పిన్ని ఓరకంట అంతా చూస్తోంది. తగులుతోంది, తగలాల్సిన చోటే తగులుతోంది అనుకుంది. పిల్ల గుండె కరుగుతోందనుకుని ఆవిడ గొంతు ఇంకా మెత్తన చేసుకుంది. పుట్టని బిడ్డ పేరా దగ్గర మాత్రం కాస్త ఆగి, ముందుకి సాగింది.

ఐదో రోజు పదమూడో అధ్యాయం ముగిసింది. పిల్లకి జ్వరం తగ్గుతుంది, సవతి తల్లి కిటికీ తెరుస్తుంది, అంతే. పిన్ని కాగితాలు ఒడిలో సర్దుకుంది. ఇప్పుడు ఏదో ఒకటి అంటుంది. ఆ మాటే అంటుందేమో.

"తర్వాతది చదువు," అంది బుజ్జి.

"ఇంతవరకే రాశాను."

"అయ్యో, పద్నాలుగోది రాయలేదా?" బుజ్జి వెనక్కి వాలింది. "ఈసారి ఎలా బయటపడుతుంది?"

"ఎవరు?"

"ఈవిడే. ఆ మందులోనేనా? భలే దాచావు పిన్నీ. ఇన్ని విన్నాను కదా, ఎక్కడో ఒకచోట దొరికిపోయేది. ఈసారి నాకే దొరకలేదు."

పిన్ని తలెత్తి చూసింది. "ఆవిడ బయటపడదు. ఆవిడ మంచిదే."

బుజ్జి నవ్వింది. పిన్ని నవ్వకపోయేసరికి ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"ఆఖరిదాకానా?"

"ఆఖరిదాకా."

వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది. బుజ్జి కాగితాల దొంతర వంక చూసింది, పిన్ని వంక చూసింది. మందు, కోటు, జ్వరం ఒక్కొక్కటీ ఎక్కడివో ఆ పిల్లకి అప్పుడు అర్థమైంది.

"ఇది నా కోసం రాశావు," అంది.

"పత్రిక చూశాక రాశాను."

బుజ్జి తల వంచుకుంది. "ఒక మాట చెప్పాలి. కోప్పడకు," అంది.

"చెప్పు."

"చిన్నప్పుడు నువ్వెప్పుడు బయటపడతావా అని చూస్తుండేదాన్ని."

బుజ్జి తలెత్తకుండానే చెప్పుకుపోయింది.

"నువ్వు పండు కోసిస్తే ముందు నీకు పెట్టేదాన్ని, గుర్తుందా? నువ్వు తిన్నాక, కాసేపు చూసి, అప్పుడు తినేదాన్ని. తల దువ్వుతానంటే వద్దని పరిగెత్తేదాన్ని."

గుర్తుండకపోవడమేమిటి. పిల్ల ముందు తనకి పెట్టందే తినదని పిన్ని ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకుంది. కొట్టుకి వెళ్ళి మొగుడికి చెప్పుకుంది. తొమ్మిదేళ్ళకే వంకర పాపిట తీసి తన జడ తను వేసుకుంటే, తల్లి చెయ్యి మర్చిపోలేక ఇంకో చెయ్యి పడనివ్వడం లేదని జాలిపడి ఊరుకుంది. ఆ వంకర పాపిట చూసినప్పుడల్లా ఆవిడ గుండె తరుక్కుపోయేది.

"నువ్వు తిడితే నాకు బాగుండేది పిన్నీ. లెక్కలు చెయ్యలేదని అరిచావనుకో, హాయిగా ఉండేది. కథల్లో వాళ్ళు తిట్టరు కదా, పద్నాలుగు దాకా. నువ్వు దగ్గరికి తీసుకుంటేనే భయం. జ్వరంలో నువ్వు పక్కనుంచి కదల్లేదు చూడు, అప్పుడు ఎంత భయపడ్డానో. ఇక ఇదే ఆ అధ్యాయం అనుకున్నాను."

"నేనేనాడైనా నిన్ను..." అనబోయింది పిన్ని.

"లేదు. ఒక్కసారి కూడా లేదు. అదే అనుమానం."

"మరి నాకెందుకు చెప్పలేదే? చదవొద్దు పిన్నీ అని ఒక్క మాటంటే ఆ రోజే మానేసేదాన్ని కదా."

"చదివేది నువ్వే కదా. ఎవరికి చెప్పమంటావు?" బుజ్జి గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "పైగా నువ్వు పని మానుకుని నా ఎదురుగా కూర్చునేది ఆ గంటే. వద్దంటే అది కూడా పోతుందనిపించేది."

పిన్ని ఒడిలో కాగితాలు కిందికి జారాయి. ఎత్తుకోలేదు. పదకొండు పుస్తకాలు. ఒక్కొక్కటీ వారం పది రోజులు. ఎనిమిదేళ్ళ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గొంతు మార్చి మార్చి, నన్ను నమ్మకు, నన్ను నమ్మకు అని తనే చదివి వినిపించింది. చదివి, ఎక్కడా ఆగలేదని సంతకం కూడా పెట్టింది. ఏ శత్రువూ అంత ఓపిగ్గా చెడగొట్టడు. ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"పెద్దయ్యాక?" అని అడిగింది చివరికి.

"పెద్దయ్యాక తెలిసింది నువ్వు మంచిదానివని. బాగా తెలుసు. ఎవరైనా అడిగితే గట్టిగా చెబుతాను కూడా. కానీ లోపల ఎక్కడో అది ఇంకా చూస్తూనే ఉంటుంది పిన్నీ. నేనేం చెయ్యను."

"అందుకనేనా పత్రికలో..."

"ఎన్నిసార్లు రాయబోయానో. తల్లి అన్నచోట నీ పేరు రాస్తే అబద్ధం రాసినట్టుంది. రాయకపోతే పాపం చేసినట్టుంది. ఎటూ తేల్చుకోలేక ప్రూఫు నీ చేతిలో పెట్టాను. నువ్వే నీ పేరు చేర్చుకుంటావనుకున్నాను. చేర్చుకుంటే అలాగే ఉంచేద్దామనుకున్నాను, ఒట్టు. ప్రెస్సునుంచి వచ్చాక ముందు అదే వెతికాను. మా అమ్మ పేరు దిద్ది పంపావు."

ప్రూఫులో ఉన్నది దిద్దుతారు, లేనిది చేర్చరు. ఆ విద్యలో మొదటి పాఠం అది. పద్దెనిమిదేళ్ళలో పిన్ని ఏ ప్రూఫులోనూ ఒక్క మాట సొంతంగా చేర్చి ఎరగదు. ఆ రోజు పెన్సిలు చేతిలోనే ఉంది, చోటు కూడా కావలసినంత ఉంది. ఈ సంగతి ఈ పిల్లకి చెప్పి ఏం లాభం అనుకుంది.

"పత్రికలు పంచేశారు కదా," అంది.

"పంచేశాం."

వీధి దీపం వెలిగింది. బుజ్జి కుర్చీలోంచి లేచి, కింద పడిన కాగితాలు ఏరి, వరసపెట్టి, పిన్ని పక్కన పెట్టింది. వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంకొకటి అడుగుతాను. బాధపడకు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా రా. ఎన్నాళ్ళయినా ఉండు. కానీ నీ పుస్తకాలు మాత్రం తేవద్దు. ఆ ఆరేళ్ళ పిల్ల కంట పడకూడదు."

"నాకు తెలుసు. అవి తేనులే." పిన్ని కొత్త కాగితాల మీద చెయ్యి వేసింది. "ఇది కూడానా? ఇందులో ఆవిడ మంచిదే కదే."

"ఇది అసలే వద్దు. మంచిది, మంచిది అని మూడు వందల పేజీలు చెబితే, ఎందుకు చెబుతున్నారా అని దానికి అనుమానం రాదా? దానికసలు ఆ మాటే తెలీదు పిన్నీ. సవతి తల్లి అనే మాట. ఎవరూ చెప్పలేదు దానికి. ఇంకొన్నాళ్ళు తెలియకుండా ఉండనీ."

పిన్ని తలూపింది. ఇంకేమీ అడగకూడదని ఆవిడకి తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"నిన్నేమని పిలుస్తోంది?"

బుజ్జి చెప్పడానికి తటపటాయించింది. తర్వాత, దాచినా దాగేది కాదనుకుందో ఏమో, చెప్పేసింది. "అమ్మా అంటుంది."

"ఎప్పటినుంచి?"

"రెండోసారి వెళ్ళినప్పటినుంచి. నేను అనమనలేదు, ఆయనా అనమనలేదు. దానంతటదే అంది." చెబుతుంటే ఆపుకోలేక బుజ్జి మొహం వెలిగిపోయింది.

రెండోసారి వెళ్ళినప్పటినుంచి. పిన్ని ఆ వెలిగే మొహం వంక చూసింది. జ్వరంలో తుడిచిన మొహం, ఎనిమిదో ఏటినుంచి చూస్తున్న మొహం. ఇన్నేళ్ళలో ఏ ఒక్క రోజూ బుజ్జి మీద కలగని అసూయ, సవతి తల్లులకి ఉంటుందని తను పదకొండు పుస్తకాల్లో ఊహించి రాసిన అసూయ, ఇప్పుడు నిజంగా కలిగింది.

"మంచిది," అంది పిన్ని.